తైవో వంతు

సోమవారం కూడా అబేనీ వంతు రాలేదు.

తరగతిలో ముప్పై నాలుగు మంది అయిదేళ్ళ పిల్లలు, పన్నెండు టాబ్‌లు. ఆ పన్నెండులో మూడు ఎంతసేపు తీగకు తగిలించినా ఛార్జింగ్ పట్టవు కనుక తొమ్మిదే అనుకోవాలి. తొమ్మిదేసి మందిని చాప మీద కూర్చోబెట్టి ఒక్కో జట్టుకు పావుగంట చొప్పున ఇస్తే నాలుగు జట్లలో అందరికీ అందుతుంది. కాగితం మీద ఈ లెక్క చక్కగా కుదురుతుంది. చాప మీదికి వచ్చేసరికి మాత్రం నాలుగో జట్టు కూర్చునే వేళకు టాబ్‌లు ఒక్కొక్కటే నల్లబడి ఊరుకుంటాయి. అబేనీ పశువుల సంతకు అవతల నుంచి నడిచి రావాలి. అందరికంటే వెనక వస్తుంది కాబట్టి ఎప్పుడూ నాలుగో జట్టే.

టాబ్ నల్లబడినా అబేనీ ఏడవలేదు. గౌను అంచుతో దాన్ని తుడిచి, రెండు చేతులా పట్టుకుని తెచ్చి, మోకాళ్ళు వంచి ఈవియే చేతికిచ్చి వెళ్ళి కూర్చుంది. ఏడ్చినా బాగుండేదనిపించింది ఈవియేకి. పిల్ల రాగం తీస్తే ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టవచ్చు. ఇలా మర్యాదగా తిరిగిచ్చేస్తే ఏం చెయ్యాలి?

అంతకు ముందు పావుగంటలోనే ఆమె ఇంకొకటి చూసింది. మొదటి జట్టులో కూర్చున్న కెహిందే అనే పిల్లవాడు తన పాఠం ముగించి లేచి, వరుస చివరకు నడిచి, రెండో జట్టుతో మళ్ళీ చాప మీద కూర్చున్నాడు. దొంగతనంగా కాదు, గుడిలో కూర్చున్నంత నిమ్మళంగా. క్లాసు టీచరు మిసెస్ ఓయేలారన్ చూస్తూనే ఉంది. ఒక పిల్ల జడ ఊడిపోతే దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అల్లుతూ, చూసీ చూడనట్టు తల తిప్పుకుంది.

ఈవియే టీచరు కాదు, కాబోయే టీచరు. కాలేజీ వాళ్ళు శిక్షణ కోసం ఇసేయిన్ పట్నంలోని ఈ చిన్న బడికి పంపి మూడు వారాలైంది. ఆమె సొంత ఊరు దూరాన ఉన్న బెనిన్ పట్నం, అక్కడి భాష వేరు. ఇక్కడి యోరుబా భాష అర్థమవుతుంది గాని నోరు తిరగదు. ఆమె ‘కూర్చోండి’ అంటే పిల్లలు ముందు నవ్వి తర్వాత కూర్చుంటారు. శుక్రవారం కాలేజీ నుంచి డాక్టర్ లావాల్ గారు వచ్చి, వెనక బల్ల మీద కూర్చుని, ఆమె టాబ్‌లతో చెప్పే పాఠం చూసి మార్కులు వేస్తారు. అంతదాకా రోజూ ఒక డైరీ రాయాలి. ‘చిన్నపిల్లలకు యంత్రంతో చదువు: నా సందేహాలు’ అన్నది ఆమె స్వయంగా ఎంచుకున్న విషయం. సందేహాలకు కొదవ లేదు. మొదటి వారం ఒకడిని అయిదూ రెండూ ఎంత అని అడిగితే ఆరు అన్నాడు. తప్పు చెప్తే టాబ్ ‘టుంయ్’ మంటుంది. ఈవియే నోటి నుంచి ఆ చప్పుడు రాకపోయేసరికి వాడు ఆమె ముఖంలోకి తేరిపార చూసి, ‘ఆంటీ, మీకు ఛార్జింగ్ అయిపోయిందా?’ అని జాలిగా అడిగాడు. స్టాఫ్ రూములో అందరూ పగలబడి నవ్వారు. ఈవియేకి ఆ రాత్రి అన్నం సయించలేదు.

మంగళవారం ఆమె కెహిందే పక్కనే చాప మీద చతికిలబడింది.

టాబ్ తెరవగానే తరగతిలోని పిల్లల ముఖాలన్నీ చిన్న చిన్న గళ్ళలో కనిపిస్తాయి. ఎవరి ముఖం మీద వాళ్ళు వేలు పెడితే టాబ్ వాళ్ళు తమ గొంతుతో చెప్పుకున్న పేరు పెట్టి పిలిచి, వాళ్ళ పెరడు చూపిస్తుంది. ఒక పాఠం పూర్తయితే ఆ పెరట్లో ఒక గుడ్డు పగిలి కోడిపిల్ల బయటికొస్తుంది. కెహిందే పెరట్లో ఇరవై రెండు పిల్లలున్నాయి. వాడు కుడిచేతి చూపుడు వేలితో టకటకా అక్షరాలు తాకి, ఇరవై మూడోదాన్ని పుట్టించి లేచాడు. వరుస తిరిగి వచ్చి కూర్చుని, ఈసారి ఇంకో గడి మీద వేలు పెట్టాడు. ‘తైవో, రా, నీ కోళ్ళు ఎదురు చూస్తున్నాయి’ అంది టాబ్. అందులో పేరు మాత్రం మిసెస్ ఓయేలారన్ గొంతులో పలికింది.

ఈసారి వేళ్ళు తడబడ్డాయి. వాడు ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, పెదవులు కదిపి, ఎవరితోనో గుసగుసలాడి, అప్పుడు తాకుతున్నాడు. అదీ ఎడమ చేత్తో.

‘నీ వంతు అయిపోయిందిగా, మళ్ళీ కూర్చున్నావేం?’ అని అడిగింది ఈవియే.

‘నాది అయిపోయింది ఆంటీ. ఇది తైవోది.’

‘తైవో ఏడి మరి?’

‘ఇంట్లో ఉన్నాడు.’

‘మీ అన్న ఇంట్లో కూర్చుంటే వాడి పాఠం నువ్వు చదివి పెడతావా?’

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. కెహిందే నవ్వలేదు. ‘అన్న కాదు, తమ్ముడు. అన్నని నేను,’ అని సరిదిద్దాడు. కవలల్లో ముందు పుట్టినవాడికి తైవో అని, వెనక పుట్టినవాడికి కెహిందే అని పేరు పెడతారని ఈవియేకి తెలుసు. లోకం ఎలా ఉందో చూసి రమ్మని పెద్దవాడే చిన్నవాణ్ణి ముందు పంపుతాడని, అందుకే వెనక వచ్చినవాడు అన్న అని ఇక్కడి వాళ్ళు అనుకుంటారన్నది ఆ క్షణంలో తట్టలేదు. ఆమె వాడి ఎడమ చెయ్యి పట్టుకుని తెర మీద నుంచి తీసి, కుడి చెయ్యి పెట్టింది. ఎడమ చేత్తో ఎవరికైనా ఏదైనా ఇస్తేనే ఇక్కడ తప్పు పడతారు, చదువు నేర్చేది ఆ చేత్తోనా? వాడు కాదనలేదు. ఆమె లేచి నాలుగడుగులు వేసేదాకా ఆగి, మళ్ళీ ఎడమ చెయ్యి పెట్టుకున్నాడు.

డైరీలో ఆమె ఇలా రాసుకుంది: ‘రెండు విడతలు కూర్చున్న పిల్లవాడు రెండో విడతలో అలసిపోయి, చేతి వాటం కూడా మరిచిపోతున్నాడు. తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. ఇది యంత్రం వల్లనే.’ ‘యంత్రం వల్లనే’ కింద గీత గీసింది.

మధ్యాహ్నం పిల్లలు నీళ్ళ పీపా దగ్గర చేతులు కడుక్కుంటుంటే మిసెస్ ఓయేలారన్‌ని కదిపింది. తైవో ఎవరు, హాజరు పట్టీలో లేనివాడు టాబ్‌లో ఎందుకున్నాడు అని. కెహిందే రెండు బారల దూరంలో చేతులు రుద్దుకుంటున్నాడు. ఆవిడ వాడి వైపు ఒకసారి చూసి, ‘వాడు రాడులే. ఆ ఊసు ఇక్కడొద్దు,’ అని, శుక్రవారం పాఠానికి బొమ్మలు గీశావా లేదా అని మాట మార్చింది.

అప్పుడే కెహిందే అమ్మమ్మ వచ్చింది. బడి గేటు పక్కన అలసందలు ఉడికించి అమ్మే ముసలావిడ. ఊరంతా ఆమెను ఇయా అగ్బా అంటారు, అంటే పెద్దమ్మగారు. పొద్దున టాబ్‌ల వేళ కిటికీ పక్కన కాసేపు ఊరికే నిలబడి వెళ్ళిన మనిషే, ఇప్పుడు మూత పెట్టిన గిన్నె ఒకటి మిసెస్ ఓయేలారన్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. సంత రోజుల్లో ఆమె ఇలా రావడం ఈవియే ఇదివరకూ చూసింది. ఇప్పుడు గిన్నెకూ, రెండో వంతుకూ ముడి వేసుకుంది. ఒకసారి ముడి పడ్డాక ఇంకేం, అన్నీ దానికి తగ్గట్టే కనిపించాయి.

బుధవారం మిసెస్ ఓయేలారన్ ఇబాదాన్‌లో చుట్టాల పాపకు పేరు పెడుతున్నారని వెళ్ళింది. తరగతి మొత్తం ఈవియే చేతిలో పెట్టి వెళ్ళింది. ఆ రోజు కెహిందే రెండుసార్లు కూర్చున్నాడు. అబేనీ టాబ్ పట్టుకోగానే ఎర్ర దీపం వెలిగి ఆరిపోయింది. అబేనీ మళ్ళీ గౌను అంచుతో తుడిచి, మోకాళ్ళు వంచింది.

పిల్లలు వెళ్ళాక ఈవియే టీచరు టాబ్ తెరిచింది. దాని రహస్య అంకెలు బీరువా తలుపు లోపల సుద్దతో రాసి ఉంటాయి, కనుక అంత రహస్యమేమీ కాదు. ముఖాలు లెక్కపెట్టింది. ముప్పై అయిదు. కెహిందేనూ తైవోనూ పక్కపక్కన పెట్టి పెద్దవి చేసి చూసింది. ఒకడు పసుపు చొక్కా, ఇంకొకడు ఆకుపచ్చ చొక్కా. ఇద్దరికీ ముందు పన్ను ఒకటే ఊడింది. సరే, కవలలు. కానీ ఇద్దరికీ ఎడమ కనుబొమ మీద ఒకే చోట, ఒకే పొడవున గీరుకుపోయి పక్కు కట్టి ఉంది. ఎంత కవలలైనా ఒకే రాయి మీద ఒకేలా పడరు.

ఒక్క పిల్లవాడికే చొక్కా మార్చి రెండు ఫొటోలు తీశారు. లేని పిల్లల పేర్లు రాసి బియ్యం బస్తాలూ పుస్తకాలూ రాబట్టుకునే బళ్ళ గురించి కాలేజీలో కథలు కథలుగా విన్నది గాని, అయిదేళ్ళ పసివాడి చేత ఈ నాటకం ఆడిస్తారని ఊహించలేదు. ఇంట్లో ఉన్నాడని అబద్ధం చెప్పడం కూడా నేర్పారు. ముసలావిడ అలసందలకు అబేనీ వంతు అమ్ముడుపోయింది.

‘ఈ విద్యార్థిని తీసివెయ్యాలా?’ అని అడిగింది టాబ్. అవును. ‘తీసివేస్తే మళ్ళీ తేవడం కుదరదు. తీసివెయ్యాలా?’ ఆ పెరట్లో పందొమ్మిది కోడిపిల్లలు గింజలు ఏరుకుంటూ తిరుగుతున్నాయి. అవును. గడి ఖాళీ అయింది. పక్కనున్న ముఖాలు జరిగి ఖాళీని పూడ్చేశాయి. రేపటి నుంచి ఎవరి వంతు వాళ్ళకే అనుకుంటూ ఈవియే తలుపుకు తాళం వేసింది. మూడు వారాల్లో మొదటిసారి ఈ బడిలో తను ఒక మంచిపని చేసినట్టు అనిపించింది.

గురువారం ఉదయం అబేనీని మొదటి జట్టులోకి పిలిచింది. ఆ పిల్లకు వేలు ఎక్కడ పెట్టాలో కూడా మొదట తెలియలేదు. తెలిశాక ఆగలేదు. పావుగంట తిరిగేలోగా గుడ్డు పగిలింది. అబేనీ కెవ్వున కేక పెట్టి, టాబ్‌ను పొట్టకు హత్తుకుని లేచి నిలబడింది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. ఈవియే కూడా కొట్టింది.

ఆ సందడిలో కెహిందే తన పాఠం ముగించి వరుస తిరిగి వచ్చాడు. కూర్చుని ముఖాల మీదుగా వేలు జరిపాడు. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చాడు. టాబ్‌ను తిప్పి వెనక వైపు చూశాడు. తర్వాత పక్కవాడి దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి, ‘జరుగు, తైవో నీ దాంట్లో ఉన్నాడు,’ అన్నాడు. అక్కడ చూసి ఇంకొకడి దగ్గరికి వెళ్ళాడు. ఎవరూ వాణ్ణి కసరలేదు. ఈవియేకి అది వింతగా తోచింది. మామూలుగా టాబ్ మీద చెయ్యి వేస్తే కరిచే పిల్లలు, వాడు రాగానే తమ పాఠం ఆపి, టాబ్ వాడి వైపు తిప్పి పట్టుకుంటున్నారు. తొమ్మిదీ అయ్యాయి. పాడైన మూడింటినీ కూడా బీరువాలోంచి తీసి, నల్లటి అద్దాల్లోకి చూశాడు. వాటిలో వాడి ముఖమే కనిపించింది.

అప్పుడు లేచి ఆమె దగ్గరికి వచ్చాడు.

‘ఆంటీ, తైవో ఎక్కడికెళ్ళాడు?’

ఆమె నోట్ పుస్తకాలు లెక్కపెడుతోంది. ఈ ప్రశ్న వస్తుందని తెలుసు, జవాబు రాత్రే సిద్ధం చేసుకుంది. ‘ఇంట్లోనే ఉన్నాడుగా. నువ్వే చెప్పావు.’

‘ఇంట్లో ఉన్నది చెక్క తైవో,’ అన్నాడు. ‘వాడికి అమ్మమ్మ స్నానం చేయిస్తుంది, అన్నం పెడుతుంది. వాడు మాట్లాడడు. మాట్లాడేవాడు ఇందులోనే ఉండేవాడు.’

పుస్తకాల లెక్క పదకొండు దగ్గర ఆగిపోయింది. కవలల్లో ఒకరు పోతే చెక్కతో బొమ్మ చేయించి పోషించుకునే ఇళ్ళు ఈ వైపున ఉండేవని ఆమె ఎక్కడో చదివింది. ఉండేవనే చదివింది. ఎదురుగా నిలబడ్డ పిల్లవాడు ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు. తర్వాత వెళ్ళి చాప చివర గోడకు ఆనుకుని, ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. భోజనాల వేళ డబ్బా మూత తియ్యలేదు. పక్కనున్న అబేనీ తీసి చూపించింది. అందులో గారెల్లాంటి అలసంద అకరాలు రెండు, రెండు చెంచాలు, అన్నీ రెండేసి ఉన్నాయి. వాడు మూత మళ్ళీ పెట్టేశాడు.

మధ్యాహ్నం ఇబాదాన్ నుంచి మిసెస్ ఓయేలారన్ పిండివంటల పొట్లంతో దిగింది. ఈవియే ఆవిడను వరండా చివరకు తీసుకెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆవిడ అరుస్తుందనుకుంది. అరవలేదు. పొట్లం కిటికీ మీద పెట్టి, స్తంభం పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూలబడింది.

‘ఆగస్టులో తట్టు పోసింది,’ అంది. ‘ఇద్దరికీ పోసింది. నాలుగు రోజుల్లో ఒకడు... చూడు, ఈ మాట నేను పూర్తిగా అనను. మిగిలినవాడి చెవిన పడేలా ఎవరూ అనరు. పడితే వాడు వెంట వెళ్ళిపోతాడని భయం.’

టాబ్‌లు సెప్టెంబరులో వచ్చాయట. ఫొటోలు తీసేవాడు వస్తే కెహిందే బల్ల కింద దూరాడట. తమ్ముడి ముఖం లేని దాంట్లో నేనూ ఉండనన్నాడు. పట్నంలో ఫొటో స్టూడియోలు ఇలాంటి ఇళ్ళకు ఎప్పటి నుంచో చేస్తున్న పనే ఆవిడా చేయించింది. ఉన్నవాణ్ణే చొక్కా మార్చి రెండోసారి కూర్చోబెట్టింది. పేరు తన గొంతుతో చెప్పింది. ఇంట్లో పెద్దవాళ్ళెవరూ ఆ పేరు పైకి అనలేక మింగేస్తారు. అందుకే ముసలావిడ సంత రోజున వచ్చి కిటికీ దగ్గర నిలబడేది. టాబ్ ఆ పేరు పిలిస్తే విని వెళ్ళడానికి.

‘ఎడమ చెయ్యి?’ అని అడిగింది ఈవియే. అడగకముందే జవాబు తెలిసిపోయింది.

‘తైవోది ఎడమచేతి వాటం. బెత్తంతో కొట్టి కూడా మాన్పించలేకపోయాను. ఆ చెయ్యి చూసుకుని ఇప్పుడు...’ ఆవిడ తన చెయ్యి వైపు చూసుకుంది.

‘మీరు నాకు ఒక్క మాట చెప్పి ఉంటే, మేడమ్.’

‘చెప్పాల్సింది. అందరికీ తెలిసిందేగా అనుకున్నాను. నువ్వు ఈ ఊరిదానివి కావన్న సంగతే మర్చిపోయాను.’

టాబ్‌లు ఇచ్చిన సంస్థకు ఫోన్ చేశారు. అవతలి కుర్రవాడు చాలా మర్యాదగా, తీసేసినవాళ్ళు తిరిగి రారని, కావాలంటే కొత్తగా చేర్చుకుని ఒకటో పాఠం నుంచి మొదలుపెట్టుకోవచ్చని చెప్పాడు. ఇంకేమైనా సహాయం కావాలా అని కూడా అడిగాడు. మిసెస్ ఓయేలారన్ ఫోన్ పెట్టేసి, ముసలావిడకు మాత్రం నువ్వే చెప్పాలి, ఈ మాట మోసుకుని నేను వెళ్ళలేనంది. రేపు మీ సారు వచ్చేలోగా చెప్పు, ఆయనకు చెప్పాలో వద్దో తర్వాత నీ ఇష్టం అంది. ఒక పిల్లవాడి పేరు ఎవరినీ అడక్కుండా చెరిపేసిన శిక్షణ టీచరును ఏ కాలేజీ పాస్ చేస్తుందో ఇద్దరికీ తెలుసు. కానీ ఈవియేకి ఆ సాయంత్రం కళ్ళ ముందు మార్కులు లేవు. మూత పెట్టేసిన డబ్బా ఉంది.

శుక్రవారం తెల్లవారి ఏడింటికల్లా గేటు దగ్గర పొయ్యి రాజుకుని ఉంది. ఇయా అగ్బా పొడుగు గరిటెతో అలసందలు కలుపుతోంది. పక్కన చాప మీద కెహిందే, బడికి వేసుకునే పసుపు చొక్కాలో, పడుకుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. రాత్రి కూడా తినలేదని, ఒళ్ళు వెచ్చబడిందని, ఏమైందో చెప్పడం లేదని ముసలావిడ తనంతట తనే అంది. అంటూ పొయ్యి వైపే చూసింది, పిల్లవాడి వైపు చూడలేదు. ఆవిడ భయపడుతోంది. దేనికో ఈవియేకి ఇప్పుడు తెలుసు.

ఆమె బూడిదలోనే రెండు మోకాళ్ళ మీదా కూర్చుంది. రాత్రంతా కూడబలుక్కున్న యోరుబా మాటలు సగం ఎగిరిపోయాయి.

‘అమ్మమ్మా, చిన్నవాణ్ణి టాబ్‌లోంచి తీసేసింది నేను. దొంగ పేరనుకున్నాను. తెలియక చేశాను.’

గరిటె ఆగింది. అలసందలు కుతకుతమంటున్నాయి.

‘ఏ చేత్తో?’ అంది ముసలావిడ చివరికి.

ఈవియే కుడి చెయ్యి చాపింది. ఆవిడ దాన్ని పట్టుకోలేదు, తోసెయ్యలేదు. తిప్పి చూడమన్నట్టు గడ్డం కదిపింది. ఈవియే అరచెయ్యి పైకి తిప్పింది. ఆవిడ చూసింది.

‘నా కూతురు వాణ్ణి కనడానికి రెండు రోజులు పట్టింది. మీ డబ్బాలో ఎంతసేపు పడుతుంది?’

‘రెండు నిమిషాలు, అమ్మమ్మా.’

‘అయితే లేచి వెళ్ళి కను.’

చాప మీద పిల్లవాడు లేచి కూర్చున్నాడు. ముసలావిడ వెనక ఉన్న రేకు పెట్టె తెరిచి, అడుగు నుంచి ఒక చొక్కా తీసింది. నీలం రంగు. పండక్కి కెహిందేకి కొన్నదాని జోడు. కాలరు కింద దుకాణం అట్ట, మడతల్లో గుండుసూదులు ఇంకా అలాగే ఉన్నాయి. ఏది కొన్నా రెండు కొంటారు. ఈవియే ఒక్కో గుండుసూదే తీసి తన జాకెట్టు అంచుకు గుచ్చుకుంది. ఏడు సూదులు. ఎప్పుడూ ఎవరూ తొడగని ఆ చొక్కా కెహిందేకి అతికినట్టు సరిపోయింది. ఫొటో తీసేటప్పుడు పిల్లవాడు తనంతట తానే తల కొంచెం ఎడమ వైపు వాల్చాడు. తైవో నిలబడే తీరు అదేనని తర్వాత మిసెస్ ఓయేలారన్ చెప్పింది.

డాక్టర్ లావాల్ గారు పది నిమిషాలు ముందే వచ్చేశారు. లోపలికి రాగానే ముప్పై నాలుగు మంది లేచి పాటలాగా నమస్కారం చెప్పారు. ఆయన వెనక బల్ల మీద కూర్చుని, కలం తీసి, పాఠం కాగితం చదువుకున్నారు. కాగితంలో ఉన్నది ఒకటి, జరుగుతున్నది ఒకటి. జట్ల వరుస తిరగబడి ఉంది. రోజూ చివరన ఉండే అబేనీ జట్టు ముందు కూర్చుని లేచింది. తర్వాత కెహిందే కూర్చుని తన పాఠం ముగించాడు. చొక్కా మార్చుకుని, వరుస తిరిగి వచ్చాడు.

కొత్త ముఖం మీద వాడే వేలు పెట్టాడు. ‘కొత్త నేస్తానికి స్వాగతం,’ అంది టాబ్. ‘నీ పేరు చెప్పు.’ తెర మీద ఒక నీలం చక్రం తిరగడం మొదలైంది. మిసెస్ ఓయేలారన్ మునుపటిలాగే తను చెప్తానన్నట్టు ముందుకు వంగింది. కెహిందే అడ్డంగా తల ఊపాడు.

‘ఎవరి పేరు వాళ్ళే చెప్పాలి మేడమ్,’ అన్నాడు.

అది ఆవిడ పెట్టిన నియమమే. ఆవిడ వెనక్కి జరిగింది. చక్రం తిరుగుతోంది. పిల్లలు ఎవరూ చెప్పకుండానే నోళ్ళు మూసుకున్నారు. ఈ గదిలో తెలియనిది తనొక్కదానికేనని ఈవియేకి అప్పుడు పూర్తిగా బోధపడింది. అయిదేళ్ళ పిల్లలు ముప్పై మూడు మంది ఒకడి దుఃఖాన్ని ఇన్నాళ్ళూ చాప మీద చోటిచ్చి కూర్చోబెట్టుకున్నారు. తను చదువుకున్నది, డైరీ రాసుకున్నది, గీతలు గీసింది.

‘తైవో,’ అన్నాడు కెహిందే, టాబ్‌కు నోరు దగ్గరగా పెట్టి.

‘తైవో,’ అంది టాబ్ తిరిగి. ‘రా, నీ కోడిపిల్లను నిద్ర లేపు.’

అది టీచరు గొంతు కాదు, పెద్దవాళ్ళ గొంతు కాదు. అయిదేళ్ళ మగపిల్లవాడి గొంతు, కొంచెం జలుబు చేసిన గొంతు. ఇద్దరిదీ ఒకటే గొంతు కదా. కిటికీ అవతల ఏదో బరువైనది నేల మీద దించిన చప్పుడైంది. అలసందల గంగాళం పక్కన ఇయా అగ్బా కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. తెర మీద పెరడు ఖాళీగా ఉంది. ఒకే ఒక్క గుడ్డు. పిల్లవాడు ఎడమ చెయ్యి తొడ కింద నుంచి తీసి, మొదటి అక్షరం మీద పెట్టాడు. ‘ఇది అ. భయపడకు, నేను చెప్తాగా,’ అని మెల్లగా అన్నాడు.

డాక్టర్ లావాల్ గారు కలం ఎత్తి ఈవియేని దగ్గరికి పిలిచారు. ‘ఎడమ చేత్తో చేస్తున్నాడు. సరిచెయ్యలేదేం?’

‘కెహిందేది కుడిచేతి వాటమే సార్. ఇది తైవో,’ అంది ఈవియే. ‘బుధవారం నేను తైవోని చెరిపేశాను. ఎవరినీ అడగలేదు. డైరీలో రాశాను, చదవండి.’

ఆయన ఇక్కడి మనిషే. పిల్లవాడి కొత్త చొక్కా మీది మడత గీతల్ని చూశారు, కిటికీని చూశారు. కాగితం మీద ఏదో రాయబోయి, రాయకుండా కలానికి మూత పెట్టారు. డైరీ మాత్రం తీసి సంచిలో వేసుకున్నారు. అది చదివి ఆయన ఏం చేస్తారో ముఖం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈవియే అడగలేదు.

కవలలు చల్లగా ఉండాలని పిల్లలకు అలసందలు పెట్టడం ఆ ఇంటి ఆచారం. ఇయా అగ్బా తరగతి మొత్తానికి వడ్డించింది. డాక్టర్ గారికీ ఒక గిన్నె పెట్టింది. ఈవియే దగ్గరికి వచ్చి ఆగింది. గరిటె నిండా వేసి ముందుకు వెళ్ళింది. క్షమించిందో లేదో ఈవియేకి తెలియలేదు. గిన్నె వేడిగా ఉంది.

కెహిందే ముందు రెండు గిన్నెలు పెట్టింది. వాడు మొదటి గిన్నె ఎడమ చేత్తో తిన్నాడు. ఎడమ చేత్తో తింటుంటే ఆ గదిలో పెద్దవాళ్ళు నలుగురూ చూశారు, ఒక్కరూ తప్పు పట్టలేదు. అది అయ్యాక నీలం చొక్కా విప్పి, జాగ్రత్తగా మడిచి, పసుపుది వేసుకుని, రెండో గిన్నె కుడి చేత్తో తినడం మొదలుపెట్టాడు.